కందిపప్పు ఉడికిన ఇల్లు

నాకు కోపమెక్కువని మా ఇంటాయన కనపడినోళ్ళకంతా చెప్పుకుంటాడు. అది కోపం కాదు. ఇరవై రెండు మెట్లు బిందె చంకలో పెట్టుకొని ఎక్కిన మనిషి మామూలుగా మాట్లాడినా కోపంగానే వినపడతాది. నమ్మకుంటే మీరూ ఒకసారి ఎక్కండి, తర్వాత కూర్చొని మాట్లాడుకుందాం.

అప్పుడు ఆళ్లగడ్డలో పై అంతస్తులో బాడుగకు ఉంటిమి. బోరు ఎండిపోయింది. ఇంటి ఓనరు, అరచేతిలో టెంకాయ పెట్టుకొని నడిచి నీళ్ళు చూపించే ఆయన్ను పిలిపించినాడు. టెంకాయ రెండు చోట్ల లేచి నిలబడింది. ఒకచోట బోరేస్తే దుమ్మొచ్చింది. ఇంకోచోట వేస్తే ఇంకా మెత్తటి దుమ్మొచ్చింది. ఆ పొద్దు నుంచి వీధి చివర ట్యాంకరే గతి. అది పదకొండింటికొస్తాది. మా ఆయన నంద్యాలలో విత్తనాలంగట్లో పని చేస్తాడు, ఏడింటి బస్సుకు పోతే పొద్దుగూకినాక ఇల్లు చేరతాడు. పిల్లోల్లు ఇద్దరూ హాస్టళ్ళలో ఉండారు. ఇంక నీళ్ళు మోసేదెవరో వేరే చెప్పల్లా?

మా ఇంట్లో నీళ్ళకు వరస ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలకు, గిన్నెలు తొలిచిన నీళ్ళు బండలకు, బండలు తుడిచిన నీళ్ళు వాకిట్లో చల్లేదానికి. మా ఆయన పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నిలబడుకొని స్నానం చెయ్యాల. ఆ టబ్బు నీళ్ళు లెట్రిన్లో పోసేదానికి. ఒక దినం ఆయన నిద్రమబ్బులో టబ్బు బయట నిలబడి పోసుకున్నాడు. నాలుగు చెంబులు మోరీపాలు. నేను రెండు దినాలు మాట్లాడలేదు. మూడో దినం మాట్లాడితి. దీనికంటే ఆ రెండు దినాలే బాగుండెనన్నాడు.

చుట్టాలొస్తే గ్లాసుడు నీళ్ళిచ్చి, వాళ్ళు సగం తాగి కింద పెడితే, ఆ సగం గ్లాసును నేను ఎట్ల చూసేదాన్నో వాళ్ళకు అర్థమయ్యేది. పాపం, దప్పిక లేకున్నా ఎత్తి తాగేసేవాళ్ళు. మా ఆడబిడ్డ అయితే మా ఇంటికొచ్చేటప్పుడు రెండు లీటర్ల బాటిలు తెచ్చుకొని, పోయేటప్పుడు మిగిలింది మాకిచ్చి పోయేది. నా పెండ్లికి ఆమె చీర పెట్టినప్పుడు కూడా నేను ఆమెను అంత ప్రేమగా చూడలేదు.

ఒక పొద్దు పద్దెనిమిదో మెట్టు మీద నా నడుము కలుక్కుమనింది. బిందె మాత్రం వదల్లేదు. దాన్ని మెట్టు మీద పదిలంగా దించి, ఆ తర్వాత నేను పడిపోతి. నంద్యాలలో ఎముకల డాక్టరు ఫోటో తీసి వెలుతురుకు పట్టుకొని చూసినాడు.

"ఇంక బిందె ఎత్తగూడదమ్మా. ఎత్తినావంటే ఆపరేషన్ దాకా పోతాది. ఆ తర్వాత నడుస్తావని నేను మాటియ్యలేను" అన్నాడు.

"సగం బిందె ఎత్తచ్చా సార్?" అంటి.

డాక్టరు మా ఆయన వైపు తిరిగి, "నీళ్ళుండే ఇల్లు చూసుకోండప్పా" అన్నాడు. మందుల చీటీలో నొప్పి మాత్రలు రాసినాడు గానీ అసలు మందు ఆ మాటే. బయటికొచ్చినాక మెట్ల మీద కూర్చొని ఏడిస్తి. నలభై నాలుగేండ్లకే మంచంలో పడతానేమోనని నిజంగా భయమేసింది.

సరే, నంద్యాలకే మారదామనుకుంటిమి. మా ఆయనకు అంగడి దగ్గరవుతాది, నాకు నడుము మిగులుతాది. ఇల్లు ఆయన చూస్తానన్నాడు. నేను వద్దంటి. ఆయన ఇల్లు చూసేదంటే హాలు చూస్తాడు, కిటికీలు చూస్తాడు, గాలి బాగుండాదంటాడు. గాలి తాగుతామా?

నేను చూసే పద్ధతి వేరే. ఇంట్లో అడుగు పెట్టంగానే నేరుగా బాత్రూముకు పోతా. ట్యాపు తిప్పి, దోసిలి పట్టి, ఎన్ని అంకెలకు నిండుతాదో లెక్కపెడతా. ఆ తర్వాత మిద్దెక్కి ట్యాంకును వేలితో తట్టి, ఎంతవరకు నిండుందో శబ్దం వింటా. చేతిసంచిలో కాగితంలో చుట్టిన బట్టల సోపు ముక్క ఉంటాది. నురుగొస్తే మంచి నీళ్ళు, రాకుంటే ఉప్పు నీళ్ళు. ఇంతా అయినాక కూడా నేను నమ్మను. బాటిల్లో పట్టుకొని ఆళ్లగడ్డకు తీసుకపోయి ఆ నీళ్ళతో కందిపప్పు ఉడకేస్తా. ఉప్పు నీళ్ళల్లో పప్పు ఎన్ని విజిళ్ళు పెట్టినా గులకరాళ్ళ మాదిరి అట్లే ఉంటాది. పప్పు ఉడికితేనే ఇల్లు.

అట్ల ఒక పొద్దు ఐదిండ్ల నీళ్ళు ఐదు బాటిళ్ళలో పట్టుకొని, మెడలకు ఐదు రంగుల దారాలు కట్టి, ఒళ్ళో పెట్టుకొని బస్సులో వస్తాండా. పక్కన కూర్చున్న పెద్దామె ఆ దారాలు చూసి మహానంది తీర్థమనుకొని చెయ్యి చాపింది. కాదని చెబితే ఆమె చిన్నబోతాదని పసుపు దారం బాటిలు తీసి కొంచెం పోస్తి. ఆమె కండ్లకద్దుకొని తాగి, మిగిలింది నెత్తికి రాసుకొని, "ఈసారి తీర్థం ఉప్పగా ఉండాదేందమ్మా?" అనింది. పసుపు దారం ఇంటిని ఆడికాడనే లెక్కలో నుంచి కొట్టేస్తి. ఒక కుక్కరు పప్పు మిగిలింది.

ఆ వారమంతా మా ఆయన పప్పే తిన్నాడు. పొద్దున పప్పు, మధ్యాహ్నం క్యారియర్లో పప్పు, రాత్రి పప్పు. ఎర్ర దారం పప్పు అరకొరగా ఉడికింది, నల్ల దారం పప్పు, తెల్ల దారం పప్పు ఉడకనే లేదు. "ఇల్లు లేకున్నా ఫర్వాలేదు మే, ఇంకో కూర ఏమన్నా చెయ్యి" అన్నాడు ఐదో దినం. ఆ రాత్రే పచ్చ దారం పప్పు మూడు విజిళ్ళకు వెన్నలా ఉడికింది. నేను గరిటె పట్టుకొని అట్లే నిలబడిపోతి.

పచ్చ దారం ఇల్లు నంద్యాలలో ఒక వాగు పక్కన ఉండాది. కింద మాకు, పైన ఇంటి ఓనరు. ఆమె డెబ్బై ఏండ్ల అవ్వ, ఒక్కతే ఉంటాది. ఈసారి మా ఆయన్ను కూడా వెంటబెట్టుకొని పోతి. బాడుగ తక్కువ. ట్యాపు తిప్పితే ఒకటి, రెండు, మూడు అనేలోపల దోసిలి నిండింది. వెనకవైపు గోడ పచ్చగా పాచి పట్టింది. నేను ఆ గోడకు అరచెయ్యి ఆనిస్తి, చల్లగా తడిగా తగిలింది. ఆళ్లగడ్డలో మా గోడను తడితే సున్నం పొడి రాలేది. పెరట్లో కప్పలు కూడా కనపడినాయి. కప్పలు ఊరికే ఏ ఇంట్లోనూ కాపురముండవు కదా. నా కడుపు నిండిపోయింది.

మా ఆయన గోడ చూస్తాండాడు. "ఈ గీత ఏందీ?" అన్నాడు. నడుమెత్తున, గోడలన్నిటికీ ఒకే మట్టాన, మట్టి రంగు గీత ఉండాది. దాని కింద ఒక రంగు, పైన ఒక రంగు.

"కింద ముదురు రంగు, పైన లేత రంగు కొట్టిచ్చినారు. ఆసుపత్రుల్లో చూళ్ళేదా నువ్వు?" అంటి.

"స్విచ్చులన్నీ అంత ఎత్తులో పెట్టినారే?"

"అవ్వ పొడుగ్గా ఉంటాదేమో."

అప్పుడే అవ్వ మెట్లు దిగి వచ్చింది. నా భుజానికి కూడా రాలేదు. మా ఆయన నా వైపు చూసినాడు. నేను కప్పల వైపు చూస్తి.

అవ్వ మంచిది. దాచిపెట్టే మనిషి కాదు. "పాపా, ఇల్లు బాగుంటాది గానీ, వానాకాలం కొంచెం..." అని మొదలుపెట్టింది.

"వానాకాలం సంగతి వదిలెయ్యవ్వా. ఎండాకాలం ఎట్లుంటాదో చెప్పు" అంటి.

"ఎండాకాలం ఇబ్బందే లేదు. ఏసినప్పటి నుంచి ఈ బోరు ఎండిందే లేదు."

"అంతే చాలు." అవ్వ ఇంకా నోరు తెరిచే ఉండాది, నేను అడ్వాన్సు చేతిలో పెట్టేస్తి. మా తట్టు పుట్టినోళ్ళు ఇల్లు చూస్తే వానాకాలం గురించి అడగరు. వానాకాలంలో ఎవరికి మాత్రం ఏం కష్టముంటాది, వాన రాకపోవడం తప్ప. నాకు తెలిసింది అదొక్కటే.

ఆ ఇంట్లో మొదటి ఆరు నెలలు నేను మహారాణిని. పని లేకున్నా ట్యాపు తిప్పి ఆ చప్పుడు వినేదాన్ని. నీళ్ళు పోతాండాయి కదా అని ఊరికే ఉండలేక మళ్ళా కట్టేసేదాన్ని. ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళొస్తాంటే కూడా పద్నాలుగు బిందెలు నింపి వంటింట్లో వరసగా పెట్టి పైన మూతలేసేదాన్ని. నింపేది పైపుతోనే, ఎత్తేది లేదు. మా ఆయన అలవాటు మానలేక టబ్బులోనే నిలబడి స్నానం చేసేవాడు. నడుము నొప్పి తగ్గింది. చీర కుచ్చిళ్ళు వంగి సర్దుకోగలిగిన పొద్దు పక్కింటామెను పిలిచి మరీ చూపిస్తి.

వాన సంగతి మాకు అంగట్లో నుంచే తెలిసేది. రైతులు ఒకే చేనుకు రెండుసార్లు విత్తనాలు కొనుకపోతాండారని మా ఆయన చెప్పేవాడు. మొదటిసారి వేసినవి వాన రాక మాడిపోతాయి, రెండోసారి వేసినవి వానెక్కువై కుళ్ళిపోతాయి. "ఇంతకుముందు వాన యాళకొచ్చేది మే. ఇప్పుడు ఏడాదంతా మర్చిపోయి, ఒకే దినం గుర్తొచ్చి అంతా పోసేసి పోతాంది" అన్నాడు. పాపం రైతులు అనుకొని నేను ట్యాపు కట్టేసి పడుకుంటి.

కార్తీకంలో రెండు దినాలు విడవకుండా కురిసింది. మూడో దినం తెల్లారి ఆరింటికి మంచం దిగి కాలు కింద పెడితి. చీలమండ దాకా నీళ్ళు. నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవాలంటే సిగ్గు.

"ట్యాపు కట్టెయ్యకుండా పడుకుంటావా నువ్వు? ఎన్ని నీళ్ళు పాడు చేసినావో చూడు" అని నిద్రపోతున్నాయన్ను లేపి తిడితి. ఆయన కండ్లు తెరవకముందే నీళ్ళల్లో తపతపా నడుచుకుంటా పోయి ఇంట్లో ఉండే ట్యాపులన్నీ చూస్తి. అన్నీ కట్టేసే ఉండాయి. అయినా ఇంకా గట్టిగా బిగిస్తి. నీళ్ళు మోకాళ్ళకొచ్చినాయి. అప్పుడు నేను చేసిన పని మా ఆయన ఇప్పటికీ అంగట్లో చెప్పి నవ్విస్తాడు. బకెట్టు తెచ్చి చెంబుతో ఆ నీళ్ళు ఎత్తి నింపుతాండా.

"ఏం చేస్తాండావ్ మే?" అన్నాడు.

"తెల్దు" అంటి. నిజంగానే తెల్దు. చేతులు వాటంతటవే చేస్తాండాయి.

మూతలేసి దాచిన పద్నాలుగు బిందెల్లో మునిగినవి మునిగినాయి, ముందు దినం వాడుకొని ఖాళీ చేసినవి మూడు తేలుకుంటా హాల్లోకొచ్చి, వాకిలి దాటి, వీధిలోకి పోయినాయి. వాటి వెనక నేను పోబోతే మా ఆయన రెట్ట పట్టుకొని వెనక్కి లాగినాడు. ఆళ్లగడ్డలో నీళ్ళు తెచ్చేదానికి బిందెలు కావాల్సొచ్చె, ఈడ నీళ్ళే వచ్చి బిందెలు తీసుకపోయె.

పైన అవ్వ అప్పటికే పొయ్యి వెలిగించి టీ పెడతాంది. బియ్యం, అగ్గిపెట్టె, కందిపప్పు అన్నీ అటక మీద నుంచి దించి పెట్టుకొని ఉండాది. "రాండి రాండి. ఆ గీత కాడ నిలబడతాయిలే, దాన్ని దాటవు" అనింది.

"ముందే చెప్పగూడదా అవ్వా?" అంటి.

"చెప్పబోతిని కదా పాపా. నువ్వే ఎండాకాలం అంటివి."

మూడు దినాలు ఆమె ఒక్క గదిలో ముగ్గురం ఉంటిమి. నీళ్ళు సరిగ్గా గీత దగ్గర ఆగినాయి. ఆ మూడు దినాల్లో మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. గీత సంగతి ఎత్తలేదు, స్విచ్చుల సంగతి ఎత్తలేదు. టీ తాగి కిటికీలో నుంచి నీళ్ళు చూసుకుంటా కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అను. అనెయ్యి. నేను తట్టుకోలేను" అంటి రెండో దినం.

"ఏమనాల?"

"గీత గురించి."

"ఏ గీత?" అన్నాడు నిమ్మళంగా. ఇరవై ఏండ్ల కాపురంలో ఆయన నా మీద గెలిచింది ఆ ఒక్కసారే. అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది.

నీళ్ళు తీసినాక ఇంట్లో అడుగు మందాన బురద. పరుపులు, మిక్సీ, పిల్లోల్ల సర్టిఫికెట్ల పెట్టె అన్నీ బురదే. సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తీసి తీగ మీద ఆరేసేటప్పుడు నవ్వులాటంతా పోయి నాకు ఏడుపొచ్చింది. మోటరు కాలిపోయింది కాబట్టి ట్యాపుల్లో చుక్క రాలేదు. నాలుగో దినం వీధిలోకి ట్యాంకరొచ్చింది. హారను వినపడంగానే నేను ఆలోచన లేకుండా బిందె తీసుకొని లైన్లో నిలబడి, నింపి, చంకలో పెట్టుకొని లేస్తి. లేచిందాన్ని నిటారుగా కాలేకపోతి. మా ఆయన ఒక చేత్తో బిందెను, ఇంకో చేత్తో నన్ను పట్టుకొని లోపలికి తెచ్చినాడు. తొమ్మిది దినాలు అవ్వ మంచం మీద వెల్లకిలా పడుకుంటి. ఆలోగా అవ్వ మోటరు బాగు చేయించింది.

అప్పుడు మా ఆయన మొదటిసారి గట్టిగా మాట్లాడినాడు. "ఈడ ఉండొద్దు. మళ్ళా వానొస్తే నిన్నెత్తుకొని మెట్లెక్కేదానికి నాకు చేతకాదు" అన్నాడు. మిట్ట మీద ఒక ఇల్లు చూసినాడు. మొదటి అంతస్తు, మునిగే మాటే లేదు. ట్యాపులు ఉండాయి, నీళ్ళు రావు. మూడు దినాలకొకసారి ట్యాంకరొస్తాది, మధ్యాహ్నం పూట, ఆయన అంగట్లో ఉండే యాళలో. ఎవరినైనా పెట్టుకుందాంలే అన్నాడు. వచ్చే మనిషి రాని దినం ఎవరు మోస్తారో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. బురద నీళ్ళంటే నాకు అంత భయం పట్టుకుంది. సరే అంటి.

సామాను ఆటోలో ఎక్కించినాం. మా ఆయన తాళ్ళు కడతాండాడు. నేను అవ్వకు తాళంచెవి ఇయ్యబోతాంటే ఒకామె లోపలికొచ్చింది. ముప్పై ఐదేండ్లుంటాయి. ఆళ్లగడ్డ అవతల పల్లెలో బోర్లన్నీ పోయినాయంట, ఇల్లు చూసేదానికి వచ్చింది. నేను అవ్వ కంటే ముందే మాట్లాడితి. ఎవరూ నా మాదిరి మోసపోగూడదని నా ఆరాటం.

"ఈ ఇల్లు మునుగుతాదమ్మా. ఈడిదాకా వస్తాయి" అని గోడ మీద గీత చూపిస్తి.

ఆమె గీత చూసింది. "ఎన్ని దినాలక్కా?"

"మూడు దినాలు."

"కడమ దినాలు?"

"కడమ దినాలు ట్యాపు తిప్పితే వస్తాయి."

ఆమె మొగం విచ్చుకుంది. "ఏడాదిలో మూడు దినాలేనా?" అని, చీర చెంగుతో మొగం తుడుచుకొని, మంచం ఏ మూలకు వేసుకోవాల్నో చూస్తాంది.

నేను అట్లే నిలబడిపోతి. మిట్ట మీద ఇంటి మెట్లు కండ్ల ముందుకొచ్చినాయి. మూడు దినాలు బురద, ఏడాదంతా బిందె. ఆ లెక్క ఆమె నిలబడిన చోటే తేల్చేసింది, నేను తొమ్మిది దినాలు పడుకొని ఆలోచించినా తేల్చలేదు. తాళంచెవి పిడికిట్లో గట్టిగా పట్టుకుంటి.

"ఇల్లు ఖాళీ లేదు" అంటి.

అవ్వ నోరు తెరిచింది. బయట మా ఆయన తాడు పట్టుకొని నా వైపు చూసినాడు. ఆటోలో మా బీరువా, మా పరుపులు, నా పదకొండు బిందెలు ఉండాయి. "దించు" అంటి. ఆయన కట్టిన ముడి ఇప్పేదానికి మొదలుపెట్టినాడు.

ఆమె తగువు పడతాదనుకుంటి. పడుంటే నాకు ఎంతో బాగుండేది, నోరు నాకూ ఉండాది కదా. ఆమె తగువు పడలేదు. ఆటోనూ నన్నూ మార్చి మార్చి చూసి, అంతా అర్థమైనట్టు తల ఊపింది. నాకు తల కొట్టేసినట్టయింది. వాకిట్లో చెప్పులేసుకుంటా వెనక్కి తిరిగి, "ఇట్ల మునిగే ఇల్లు ఇంకోటి యాడన్నా ఉంటే చెప్పక్కా" అని ఫోన్ నంబరిచ్చింది. రాసుకుంటి.